రెండున్నర మీటర్ల బూడిద పొర ఉందంటే రెండున్నర మీటర్ల బూడిద పడిందని కాదు

మీరు అడిగింది ఇది: నంద్యాల జిల్లా జ్వాలాపురంలో తెల్లటి బూడిద తవ్విన గుంతలు చూశారు. అది సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం నుంచి 74 వేల ఏళ్ళ క్రితం వచ్చి పడిందని అక్కడ ఎవరో చెప్పారు. ఎవరూ రాసిపెట్టని సంగతిని రాళ్ళూ బూడిదా చూసి ఇంత గట్టిగా ఎలా చెప్తారు, ఒక అగ్నిపర్వతం ఎన్నిసార్లు బద్దలైందో ఎలా లెక్కపెడతారు అని మీ సందేహం. ఇరవై ఏళ్ళకు పైగా నేను చేస్తున్న పని ఇదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఈ పనిలో నాకు దొరికిన మొదటి పాఠంతో మొదలుపెడతాను. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఒక వాగు గట్టున మూడు తెల్లటి బూడిద పట్టీలు కనబడ్డాయి. ఒక్కొక్కటి జానెడు మందం, మధ్యలో గోధుమరంగు ఒండ్రు. మూడు పట్టీలు కాబట్టి మూడు విస్ఫోటనాలు అని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. సాయంత్రం మా గైడ్ వచ్చారు. తాపీ తీసుకుని గట్టును పైనుంచి కిందిదాకా మూరెడు వెడల్పున నున్నగా చెక్కారు. తర్వాత ఆ ఒండ్రు మీద వేలు పెట్టి, "మధ్యలో నేల ఎక్కడుందో చూపించు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పారు. రెండు విస్ఫోటనాల మధ్య వేల ఏళ్ళు గడిస్తే పైన గడ్డి మొలుస్తుంది, వేళ్ళు దిగుతాయి, పురుగులు బొరియలు చేస్తాయి, మట్టిలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది, సున్నం కిందికి దిగి గడ్డలు కడుతుంది. ఆ గట్టులో అవేవీ లేవు. ఒక్కసారి పడిన బూడిదనే చుట్టూ ఉన్న మిట్టల మీంచి మూడు వరదలు మూడుసార్లు తెచ్చి పోశాయి. ఒక విస్ఫోటనాన్ని నేను మూడు చేసేశాను.

అప్పటినుంచి ఏ గట్టు దగ్గర నిలబడినా నేను ముందు వెతికేది పొరను కాదు, పొరకూ పొరకూ మధ్య సందును. మీకు చెప్పదలచుకున్న అసలు విషయం కూడా ఇదే. బూడిద పడటానికి గంటలో రోజులో పడుతుంది. మిగతా కాలమంతా ఆ సందులోనే ఉంటుంది.

ఇప్పుడు జ్వాలాపురం సంగతి. ఊరి పేరు చూసి అక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతం ఉండేదని అనుకునేవాళ్ళున్నారు. లేదు. ఆ ఊరున్న జుర్రేరు లోయకు అటూ ఇటూ ఉన్నవి సున్నపురాయి, క్వార్ట్‌జైట్ కొండలు, టోబా కన్నా ఎంతో పాత సముద్రాల అడుగున పేరుకున్న రాళ్ళు. లోయలో మాత్రం కొన్నిచోట్ల బూడిద రెండు మీటర్లు దాటి ఉంటుంది. తవ్వకాలు జరిగిన ఒకచోట 2.55 మీటర్లు. టోబా అక్కడికి సుమారు 2,600 కిలోమీటర్లు. అంత దూరంలో రెండున్నర మీటర్ల బూడిద ఆకాశం నుంచి నేరుగా పడదు. ఆ సెక్షన్‌ను, అంటే తవ్విన గట్టు గోడను, శుభ్రంగా చెక్కి అడుగు నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. అన్నిటికన్నా కింద, బంకమట్టి మీద, కత్తితో కోసినట్టు గీత గీసుకుని కొద్ది సెంటీమీటర్ల పొర ఉంటుంది. ఒకే రంగు, ఒకే మెత్తదనం, మట్టి కలవదు. గాలిలోంచి నేరుగా దిగింది అదే. దాని పైన ఉన్నదంతా వానలకు వాలుల మీంచి కొట్టుకొచ్చి పల్లంలో చేరింది. అక్కడ సన్నటి చారలు, మధ్యమధ్య ఒండ్రు, మట్టి ఉండలు కనిపిస్తాయి. పైకి వెళ్ళేకొద్దీ మట్టి పాలు పెరుగుతుంది.

అడుగు పొర నుంచి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలపండి. ముందు పిండిలా జారుతుంది, చివర్లో గరగరమంటుంది. ఆ గరుకుదనం వల్లే దాన్ని తవ్వి తోముడు పొడుల తయారీకి పంపుతున్నారు. ఓ చుక్క పలుచటి ఆసిడ్ వేస్తే ఆ ప్రాంతపు సున్నపు మట్టి బుసబుస పొంగుతుంది, శుభ్రమైన బూడిద పొంగదు. మైక్రోస్కోపు కింద పెడితే అది కట్టెలు కాలిన బూడిద కానే కాదని ఒక్క చూపులో తెలుస్తుంది. అంతా గాజు. వంకర పెంకులు, మూడు కొమ్మల తునకలు. మాగ్మాలో, అంటే భూమి లోపల కరిగిన రాతిలో, గ్యాసు బుడగలు ఉబ్బి పగిలినప్పుడు బుడగల గోడలు ముక్కలయ్యాయి. మూడు బుడగలు ఆనుకున్న చోట విరిగితే మూడు కొమ్మల తునక వస్తుంది. ఎన్నిసార్లు చూసినా లెన్స్ మీంచి కన్ను తియ్యబుద్ధి కాదు నాకు.

పొర ఎలా పడిందో దాని తీరే చెప్తుంది. గాలిలోంచి రాలినది మంచు కురిసినట్టు మిట్టనూ పల్లాన్నీ సమానంగా కప్పుతుంది, ఒకచోట రేణువులన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. నేల మీద దొర్లుకుంటూ వచ్చే వేడి గ్యాసూ బూడిదా కలిసిన ప్రవాహం అలా కాదు. అది పల్లాలను నింపుతుంది, గుండ్రాళ్ళూ పొడీ కలగాపులగంగా పడేస్తుంది, వేడి ఎక్కువుంటే ఆ పొడే అతుక్కుని గట్టి రాయి అయిపోతుంది. ఇలాంటి ప్రవాహం పడేసిన పొరను, గట్టిపడినా పడకపోయినా, ఇగ్నింబ్రైట్ అంటాం. ఈ రెండు రకాలూ ఒకే గట్టులో ఏ వరసలో ఉన్నాయో చూస్తే ఆ రోజు ఏం జరిగిందో గంటల వారీగా చెప్పొచ్చు.

దీనికి ఇటలీలోని పాత రోమన్ పట్టణం పాంపేయిని మించిన ఉదాహరణ లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు ఆ ఊరి మీద సుమారు 2.8 మీటర్ల ప్యూమిస్ రాళ్ళు పడ్డాయి. ప్యూమిస్ అంటే నీళ్ళలో వేస్తే తేలే నురగరాయి. కింద తెల్లటిది, పైన బూడిదరంగుది. మాగ్మా గదిలో గ్యాసు ఎక్కువున్న తేలిక మాగ్మా పైన, వేరే రసాయనంతో బరువైన మాగ్మా కింద ఉండేవి. గిన్నెలో పైన తేలేది ముందు వడ్డిస్తే విస్తట్లో అదే అడుగున పడుతుంది కదా. అలా నేల మీది పొరలు భూమి లోపలి గదిని తలకిందులు చేసి చూపిస్తాయి. తెలుపుకూ బూడిదరంగుకూ మధ్య నేల లేదు, వేరు లేదు, వాన గీత కూడా లేదు. రెండు రంగులున్నా విస్ఫోటనం ఒక్కటే. వాటిపైన నున్నటి బూడిద, అలలు అలలుగా పేరుకున్న ప్రవాహపు పొరలు వస్తాయి. ఆకాశంలో నిలబడ్డ బూడిద స్తంభం బరువు ఆపుకోలేక కూలి, నేల వెంట దూసుకొచ్చిన ఘట్టం అది. ఇది మన ఊహేనా అంటే కాదు. సముద్రపు పాయకు ఇవతల మిసేనమ్‌లో ఉండి చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ లేఖలున్నాయి. మొదట పైన్ చెట్టులా లేచిన మేఘం, తర్వాత సముద్రం మీదుగా నేలను ఆనుకుని వచ్చిన చీకటి అని రాశాడు. పొరలు చెప్పిన వరస, ఆయన చెప్పిన వరస కలిశాయి. సాక్షి ఉన్న చోట ఈ పద్ధతి నిలబడింది కాబట్టే సాక్షి లేని చోట కూడా దాన్ని నమ్ముతున్నాం.

ఒకే పొర మందాన్ని వందల చోట్ల కొలిచి మ్యాపు మీద సమాన మందాలను గీతలతో కలుపుతాం. గీతలు ఎటు సాగితే గాలి అటు వీచినట్టు. పొరలోని రాళ్ళ సైజు ఎంత దూరానికి ఎంత తగ్గిందో చూసి స్తంభం ఎంత ఎత్తు లేచిందో అంచనా వేస్తాం. జ్వాలాపురం లాంటి చోట వరద తెచ్చిన 2.55 మీటర్లను ఈ లెక్కలో పెడితే మొత్తం ఘనపరిమాణం లెక్కే తప్పిపోతుంది. టెన్షన్ అంతా ఇక్కడే. పెట్టాల్సింది అడుగున ఉన్న ఆ కొద్ది సెంటీమీటర్లే.

ఇక టోబా దగ్గరికి వద్దాం. ఇప్పుడక్కడ కొండ లేదు, సరస్సు ఉంది. సుమారు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. కింది మాగ్మా బయటికి వెళ్ళిపోయి పైకప్పు కూలితే మిగిలిన గుంత, కాల్డెరా అది. దాని గోడల్లో, చుట్టుపక్కల లోయల్లో నాలుగు పెద్ద ఇగ్నింబ్రైట్‌లను విడదీసి గుర్తించారు. మొదటిది సుమారు 12 లక్షల ఏళ్ళ క్రితం ఉత్తరాన వచ్చింది. రెండోది 8 లక్షల ఏళ్ళకు కాస్త ఇటు, దక్షిణాన. మూడోది 5 లక్షల ఏళ్ళ క్రితం, మళ్ళీ ఉత్తరాన. నాలుగోది, మన జ్వాలాపురం బూడిదకు తల్లి, 74 వేల ఏళ్ళ నాటిది. అది ఒక చోటు నుంచి కాక మొత్తం కాల్డెరా నుంచి వచ్చింది. దాని పరిమాణాన్ని బుడగల ఖాళీలు తీసేసి గట్టి రాయిగా లెక్కగడితే సుమారు 2,800 ఘన కిలోమీటర్లన్నది ఎక్కువమంది వాడే అంకె. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అలాంటి లెక్కలో సుమారు 5.

కష్టమంతా ఇక్కడుంది. ప్రతి పెద్ద విస్ఫోటనం తన ముందువాటి ఆనవాళ్ళను కొంత పేల్చేస్తుంది, కొంత గుంతలో కూల్చేస్తుంది, మిగిలిందాన్ని కప్పేస్తుంది. కొండ తన చరిత్రను తనే మింగేస్తుంది. అందుకే కొండ దగ్గర మాత్రమే చూసి చరిత్ర రాస్తే అది చిరిగిన పుస్తకమే. పూర్తి వరస కావాలంటే దూరం వెళ్ళాలి. వరద రాని, కోత లేని చోటికి, అంటే సముద్రం అడుగుకు. హిందూ మహాసముద్రంలో డ్రిల్లింగ్ ఓడలు తీసిన మట్టి కోర్‌లలో, అంటే గొట్టంతో నిలువుగా తీసిన నమూనాల్లో, టోబా బూడిద పొరలు ఒకదాని కింద ఒకటి, మధ్యలో మీటర్ల కొద్దీ సముద్రపు బురదతో దొరికాయి. అక్కడి బురద మెల్లగా, దాదాపు ఒకే వేగంతో పేరుకుంటుంది కాబట్టి సందు మందమే కాలం కొలత అవుతుంది. మిట్టల మీద ఎర్రబడ్డ నేల చేసే పనిని సముద్రంలో బురద చేస్తుంది.

ఆ కోర్‌లలో ఇంకో గడియారం కూడా ఉంది. భూమి అయస్కాంత ఉత్తర దక్షిణాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి. చివరిసారి పూర్తిగా మారింది సుమారు 7,75,000 ఏళ్ళ క్రితం. టోబా రెండో ఇగ్నింబ్రైట్‌లోని అయస్కాంత రేణువులు తిరగబడి ఉన్నాయి, దాని బూడిద సముద్రంలో ఆ మార్పు గీతకు కాస్త కింద ఉంది. మూడు, నాలుగు మామూలు దిక్కునే చూస్తున్నాయి. ఇది అర్థం కావడానికి సుమత్రా దాకా వెళ్ళక్కర్లేదు. రాజమండ్రి దగ్గర కాటేరు, గోదావరికి ఇవతల పంగిడి క్వారీల్లో నల్లటి బేసాల్ట్ లావా పొరలున్నాయి, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటివి. పశ్చిమ కనుమల వైపు పుట్టిన దక్కన్ లావాయే సుమారు వెయ్యి కిలోమీటర్లు పాత లోయల వెంట ఇక్కడిదాకా పారిందన్నది ఇప్పుడు బలంగా ఉన్న అభిప్రాయం. కింది లావా అయస్కాంతం తిరగబడి ఉంది, పైదానిది సరిగా ఉంది. రెండిటి మధ్య నత్తలూ ఆల్చిప్పల శిలాజాలతో సున్నపు, బంకమట్టి పొర. అంటే కింది లావా చల్లారాక అక్కడికి నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళలో జీవులు పెరిగాయి, చచ్చి అడుగున చేరాయి, భూమి అయస్కాంతం కూడా మారిపోయింది, ఆ తర్వాతే రెండో లావా వచ్చింది. కంకర కోసం పేల్చే ఆ క్వారీ గోడలో ఇదంతా కళ్ళకు కనిపిస్తుంది. అటు వెళ్తే అడిగి లోపలికి వెళ్ళి చూడండి.

జ్వాలాపురం బూడిద టోబాదేనని, అందులోనూ నాలుగోదేనని ఎలా తెలుసు? గాజు తునకకు వేలిముద్ర ఉంటుంది. ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్కో తునక మీద కొన్ని మైక్రాన్ల చుక్కలో సిలికా, పొటాషియం, ఇనుము ఎంతెంతున్నాయో కొలుస్తారు. చిక్కు ఏమిటంటే టోబా రెండో, నాలుగో విస్ఫోటనాల గాజు ఈ ప్రధాన మూలకాల్లో అన్నదమ్ముల్లా ఉంటుంది. మహారాష్ట్రలో కుకడి నది ఒడ్డున బోరి దగ్గర దొరికిన బూడిద వయసు మీద అందుకే ఏళ్ళ తరబడి వాదన నడిచింది. కింద రాతి పనిముట్లు ఉండటంతో వాదన ఇంకా వేడెక్కింది. ఆ బూడిద ఏ వయసుదైతే ఆ మనుషుల కాలం అంతగా మారిపోతుంది మరి. 2011లో బయోటైట్ అనే నల్లటి అభ్రకపు రేకుల రసాయనం ఈ అన్నదమ్ములను విడదీయగలదని చూపించారు. 2014లో బేరియం, స్ట్రాన్షియం లాంటి అతి కొద్ది మోతాదు మూలకాలను ఒక్కో తునకలో విడివిడిగా కొలిచి, భారత్‌లో అప్పటిదాకా తెలిసిన టోబా బూడిదంతా నాలుగోదేనని తేల్చారు. నా దృష్టిలో ఆ కొలతలు బలమైనవి. బూడిదంతా కలిపి ఒకేసారి కొలిస్తే వచ్చేది సగటు మాత్రమే, వరదలో కలిసిన చెత్త కూడా ఆ సగటులో దూరుతుంది. తునక తునకనూ అడిగితేనే నిజం బయటపడుతుంది.

వేలిముద్ర దొరికాక కంటికి కనబడని బూడిదను కూడా పట్టొచ్చు. 2013లో ఆఫ్రికాలో మలావీ సరస్సు బురదలో, 2018లో దక్షిణాఫ్రికా తీరాన పినకిల్ పాయింట్‌లో టోబా గాజు తునకలు దొరికాయని ప్రకటించారు. అక్కడ పొర అంటూ లేదు, మట్టిలో చెల్లాచెదురుగా ఉన్న తునకలను జల్లించి, కడిగి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా ఏరారు.

వయసు సంగతి. చాలామంది కార్బన్ పరీక్ష చేస్తారనుకుంటారు. అది 50 వేల ఏళ్ళ దాకానే, అదీ బూడిద కింద కాలిన కట్టెలాంటిది దొరికితే. టోబాకు పొటాషియం గడియారం వాడతారు. సానిడిన్ అనే స్ఫటికంలోని పొటాషియంలో ఒక రకం మెల్లగా ఆర్గాన్ గ్యాసుగా మారుతుంది. కరిగిన మాగ్మాలో అది జారిపోతుంది, బయటపడి చల్లారాక స్ఫటికంలో చిక్కుకుంటుంది. చిక్కిన గ్యాసును కొలిస్తే విస్ఫోటన కాలం తెలుస్తుంది. 2012లో ఇలా వచ్చిన అంకె 73,880, అటూ ఇటూ 320 ఏళ్ళు. 2014లో ఇంకో బృందానికి 75,000, అటూ ఇటూ 900. మీకు చెప్పిన "74 వేలు" ఇక్కడిదే. జిర్కాన్ స్ఫటికాల వయసులు చూస్తే మాత్రం జాగ్రత్త. అవి మాగ్మా గదిలోనే వేల ఏళ్ళ ముందే పుట్టి ఉండొచ్చు. వాటి వయసు గది వయసు, పేలిన రోజు వయసు కాదు.

జ్వాలాపురంలో ఇంకో పరీక్ష కూడా జరిగింది. ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు ఎండ చూసిందో చెప్పే పద్ధతి ఒకటుంది. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరుల బృందం 2007లో ప్రకటించిన లెక్కలో బూడిద కింది మట్టికి 77 వేలు, పైదానికి 74 వేలు వచ్చాయి, ఆరేడు వేల ఏళ్ళ అటూ ఇటూతో. ఆర్గాన్ పద్ధతితో దీనికి ఏ సంబంధమూ లేదు, అయినా రెండూ కలిశాయి. నమ్మకం ఇలా వస్తుంది. బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, తయారీలో పోలికలున్నాయి కాబట్టి లోయలో మనుషులు ఆ దెబ్బకు తుడిచిపెట్టుకుపోలేదని వాళ్ళ వాదన. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, ఎముకలు దొరకలేదు కాబట్టి.

ఇంత చెప్పాక ఎక్కడ నమ్మాలో ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. టోబా నాలుగు పెద్ద విస్ఫోటనాలు, వాటి వరస, చివరిదాని వయసు గట్టివి. ఘనపరిమాణం అంకెలు మారుతూనే ఉంటాయి, ఎందుకంటే సముద్రంలో పడ్డది కొలవడం కష్టం. మధ్యమధ్య జరిగిన చిన్నవాటి జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. పలుచటి బూడిద నాలుగు వానలకు పోతుంది. పొర లేదంటే విస్ఫోటనం లేదని అర్థం కాదు. 74 వేల ఏళ్ళ తర్వాత కూడా టోబా ఊరుకోలేదు. సరస్సు మధ్యలోని సమోసిర్ దీవి మీద ఒకప్పటి సరస్సు అడుగు బురద ఇప్పుడు నీటికి వందల మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. కింది నుంచి మళ్ళీ మాగ్మా ఒత్తుకొచ్చి సరస్సు అడుగునే పైకెత్తింది.

మీరు మళ్ళీ జ్వాలాపురం వెళ్తే ఒక సాయం చెయ్యండి. గుట్టగా పోసిన బూడిద తీసుకోవద్దు, అది ఏ లోతు నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి ఎందుకూ పనికిరాదు. వేలాడే గట్టు కిందికి అసలు వెళ్ళొద్దు. గట్టిగా ఉన్న చోట, తవ్వుకునేవాళ్ళను అడిగి, ఒక మూరెడు వెడల్పు చెక్కి, స్కేలు పెట్టి కింది నుంచి పైకి ఫోటోలు తియ్యండి. బంకమట్టి మీద బూడిద మొదలయ్యే గీత ఫోటోలో స్పష్టంగా పడాలి. తేదీ, లొకేషన్ రాసుకోండి. తవ్వకాల్లో ఏటా కొంత గట్టు పోతోంది. నేను మొదటిసారి చూసిన సెక్షన్‌లలో కొన్ని ఇప్పుడు లేవు, వాటికి మిగిలింది నా నోట్‌బుక్‌లోని బొమ్మలే. ఫోటోలు పంపితే ఎక్కడిదాకా గాలిలోంచి పడిందో, ఎక్కడినుంచి వరద తెచ్చిందో గీత గీసి మీకు తిరిగి పంపుతాను.